నోటిపూతకు ఐసు ముక్క

క్యాన్సరు మందులలో చాలావాటికి తన, పర భేదం లేదు. వేగంగా విభజన చెందే కణం ఏదైనా వాటికి లక్ష్యమే. నోటి లోపలి పలుచని పొరలో కణాలు త్వరత్వరగా మారుతుంటాయి గనుక దెబ్బ దానికీ తగులుతుంది. పుండ్లు లేచి, మజ్జిగ అన్నం మింగడమే కష్టమై, ఒక్కొక్కసారి చికిత్సనే వాయిదా వేయవలసి వస్తుంది.

1957లో వెలుగుచూసిన 5-ఫ్లోరోయురాసిల్ అటువంటి మందు. యురాసిల్ అణువులో ఒక హైడ్రోజన్ స్థానంలో ఫ్లోరిన్‌ను నిలిపితే వచ్చే పదార్థమిది. సిరలోకి ఒక్కసారిగా ఎక్కించినప్పుడు, రక్తంలో దీని పరిమాణం సుమారు 10 నుండి 20 నిమిషాలలో సగానికి పడిపోతుంది. కిటుకంతా ఇక్కడే ఉన్నది. ఆ కాస్తసేపు నోటికి రక్తప్రసారం తగ్గితే చాలు! ఇంజెక్షనుకు 5 నిమిషాల ముందు మొదలుపెట్టి, అరగంటసేపు ఐసు ముక్కలను నోరంతా తిప్పుతూ చప్పరిస్తే రక్తనాళాలు ముడుచుకొని, మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. 1991లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధనలో ఈ పద్ధతి పుండ్ల తీవ్రతను తగ్గించినట్లు తేలింది. మైలోమా రోగులకు అధిక మోతాదులో ఇచ్చే మెల్ఫలాన్ విషయంలోనూ ఇది ఫలిస్తున్నది.

ఊరినుండి వచ్చిన పెద్దలు “ఐసు తింటే జలుబు చేస్తుంది” అని సంశయించవచ్చు. జలుబు తెచ్చేవి వైరస్సులు, ఐసు కాదు.

గంటల తరబడి నెమ్మదిగా ఎక్కించే మందుకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు; ఎంతసేపని చప్పరించగలం? అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. 5-ఫ్లోరోయురాసిల్‌తో పాటు తరచుగా ఆక్సాలిప్లాటిన్ కూడా ఇస్తారు. అది పడినవారికి చల్లదనం సోకితే గొంతు పట్టివేసినట్లై ఊపిరాడనట్లు అనిపిస్తుంది. వారికి ఐసు కూడదు. అందుచేత ఏ మందులు, ఏ పద్ధతిలో ఇస్తున్నారో వైద్యుని అడిగిన తరువాతనే ఐసు ముట్టాలి.