కారు అద్దము నెత్తు మోటారు

బుక్కరాయసముద్రము వంటి మెట్టసీమలో ధూళి పాత స్పోర్ట్సు కారు తలుపులోనికిఁ జొచ్చి, కిటికీ యద్దము నడుమనే నిలిచిపోవుట కలదు. అంతమాత్రమున మోటారు చెడెనని క్రొత్తది కొనుట తొందరపాటని మా యభిప్రాయము.

విద్యార్థులారా, మొదట ఫ్యూజును జూడుఁడు. పిదప స్విచ్చు నొక్కియుంచి, మోటారునకుఁ బోవు రెండు తీగల నడుమ రమారమి 12 వోల్టులు వచ్చుచున్నవో లేదో కొలువుఁడు. రాకున్న దోషము స్విచ్చులోనో తీగలలోనో యుండును. వచ్చియు నద్దము మెల్లగాఁ గదలినచో గాడిలోని దుమ్మును, ఎండిన రబ్బరును శంకింపవలెను. అద్దము బిగిసినకొలఁది మోటారు హెచ్చు విద్యుత్తును లాగి వేఁడెక్కును. గాడి తుడిచి సిలికోను తైలము పూసినఁ బలుమాఱు నయమగును.

మోటారు విప్పవలసినచో బ్యాటరీ తీగ నూడఁదీసి, అద్దమునకు ఊఁత పెట్టుఁడు. కొన్ని కార్లలో అద్దము నెత్తు చట్రమునకు బిగువైన స్ప్రింగుండును. మోటారు తొలఁగఁగనే అది చట్రమును విసరి వ్రేళ్లను నలుపఁగలదు. కావున ముందుగా చట్రమును కదలకుండ బోల్టుతో బిగింపవలెను. మోటారులోపల కార్బను బ్రష్షులు మాత్రమే యరిగియుండినచో వానిని మార్చినఁ జాలును.