రొమ్ము పరీక్షలో అతిధ్వని చిత్రము: స్పష్టత ఎట్లు కలుగును?

రొమ్ములో గడ్డ చేతికి తగిలినపుడు మొగుళ్లపల్లి వంటి గ్రామమునుండి ఒక స్త్రీ పరకాల మీదుగా వరంగల్లు చేరి స్కానింగు చేయించుకొనవలెనన్న ఒక దినపు కూలి పోవును. ఇంటిలో నలుగురికి నచ్చజెప్పవలసియు వచ్చును. అంత శ్రమపడి చేరిన పిదప, చిత్రము మసకగా నున్నది, మరల రమ్మన్నచో ఆమె వచ్చునన్న నమ్మకము లేదు. కావున చిత్రపు స్పష్టతను గూర్చి మేమిచట వ్రాయుట యంత్రములయందలి వేడుకచేత గాదు.

తరంగవేగమును పౌనఃపున్యముచే భాగించిన తరంగదైర్ఘ్యము వచ్చునని మనము భౌతికశాస్త్రములో చదివితిమి. ఆ చిన్న లెక్కయే ఇచట మొదటి మెట్టు. మెత్తని దేహభాగములలో ధ్వని సగటున సెకనుకు 1540 మీటర్లు పయనించును. ఉదరపరీక్షకు వాడెడి 3.5 మెగాహెర్ట్జ్ తరంగపు దైర్ఘ్యము 0.44 మి.మీ.; 12 మెగాహెర్ట్జ్ తరంగమునకు 0.13 మి.మీ. మాత్రమే. తరంగము ఎంత పొట్టిదైన, చేరువనున్న రెండు బిందువులు అంత విడివిడిగా కనిపించును. అయితే పొట్టి తరంగము లోతునకు పోలేక త్వరగా క్షీణించును. రొమ్ము అంత లోతైన అవయవము గాదు గనుక ఆ నష్టమును భరింపవచ్చును. కడుపును చూచెడి వంపు ప్రోబుతో రొమ్మును చూచుట, దూరపుచూపు కళ్లద్దములతో సూదిలో దారమెక్కించుట వంటిది. తిన్నని ముఖముగల, అధిక పౌనఃపున్యపు ప్రోబే తగినది.

ఈ అతిధ్వనులు తెలుగువారికి క్రొత్తవి కావు. అనంతరము ఉస్మానియాకు వైస్‌ఛాన్సలరైన సూరి భగవంతం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయములో స్ఫటికములపై వీనితో పరిశోధన జరిపిరి. 1950ల తొలియేండ్లలో అమెరికాలో జాన్ వైల్డ్, జాన్ రీడ్ అనువారు రొమ్ము గడ్డలను ఈ తరంగములతో పరీక్షించిరి.

ప్రోబు తరువాత శయనభంగిమ. స్త్రీని కొంచెము ప్రక్కకు ఒరిగించి, భుజము క్రింద దిండు పెట్టి, చేతిని తలపైకి ఎత్తించిన రొమ్ము పలుచగా పరచుకొనును. తరంగము దాటవలసిన మందము తగ్గును. బిగుసుకొని సిగ్గుతో పరున్నవారికి ఇది సాధ్యము గాదు. తెలుగుననో ఉర్దూలోనో నాలుగు మాటలు ముందుగా చెప్పుటయు స్పష్టతకు సాధనమే యని మా అభిప్రాయము. జెల్ ధారాళముగా వాడవలెను. చర్మమునకు ప్రోబునకు నడుమ గాలిపొర యున్నచో ధ్వని దాదాపు అంతయు వెనుకకు మరలును.

ఇక ముఖ్యమైనది గెయిన్, అనగా తిరిగివచ్చిన ప్రతిధ్వనిని పెంచెడి మీట. రొమ్ములోని క్రొవ్వు తెరపై నడిమి బూడిదరంగున కనిపించునట్లు దీనిని నిలుపవలెను. మితిమీరి పెంచినచో నల్లగా నుండవలసిన నీటిగడ్డలో లేని మసక నిండి, అది గట్టిగడ్డవలె తోచును. అక్కరలేని సూదిపోటు, ఇంటిల్లిపాదికి దిగులు. మితిమీరి తగ్గించినచో గట్టిగడ్డయే నల్లబడి నీటిగడ్డవలె భ్రమింపజేయును. ఈ రెండవ పొరపాటు మరింత కీడు. అది ప్రాణాంతకమైన గడ్డయైనచో, భయము లేదను మాటపై ఆమె ఇంటికి మరలిపోవును. అనుమానము తీరుటకు ఒక గుర్తు గలదు: నీటిగడ్డ వెనుక భాగము సాధారణముగా తెల్లగా మెరయును. అయినను ఆ మెరుపొక్కటే చాలదు. కొన్ని గట్టిగడ్డల వెనుకను అది కనిపించును.

ఫోకస్ గడ్డ యున్న లోతున నుండవలెను. తెరపై లోతు ఛాతీ కండరము కనిపించువరకు చాలును; ఊపిరితిత్తిని చూపుట తెరను వృథాచేయుటయే. చనుమొన వెనుకటి నీడను ప్రోబు వాల్చి తప్పింపవచ్చును.

నేటి యంత్రములలో పలుకోణములనుండి తరంగములను పంపి ఒకే చిత్రముగా కూర్చెడి కాంపౌండ్ పద్ధతి యున్నది. గరుకుదనము తగ్గి అంచులు తేటపడును. కాని గడ్డ వెనుక పడెడి నీడయు దీనివలన పలుచబడును. ఆ నీడ కేన్సరును అనుమానింపజేయు గుర్తులలో నొకటి. కనుక అందమైన చిత్రమునే నమ్మక, ఆ పద్ధతిని ఆపి మరియొకమారు చూచుట మంచిది.

తుదకు, గడ్డను ఒకదానికొకటి లంబముగానున్న రెండు తలములలో కొలిచి, ఏ రొమ్ము, గడియారపు ముల్లు లెక్కన ఏ దిశ, చనుమొన నుండి ఎన్ని సెంటీమీటర్లు అని చిత్రముపైననే వ్రాయవలెను. ఆరునెలల పిమ్మట ఆమె ఆ కాగితముతో వరంగల్లుకు బదులు హైదరాబాదు పోయినను, అచటివారు ఆ చోటనే ప్రోబు నుంచి గడ్డ పెరిగినదో లేదో చెప్పగలరు.