ఆర్‌వీలో చలికాలం

ప్రశ్న: డెన్వర్ దగ్గర ఆర్‌వీలో ఉంటున్నాం. ఫర్నేస్ ఆన్‌లోనే ఉన్నా రాత్రిళ్లు కాళ్లు కొంకర్లు పోతున్నాయి. గ్యాస్ పొయ్యి కూడా వెలిగించుకోవచ్చా?

జవాబు: పొయ్యి మాత్రం వద్దండి. తలుపులు మూసిన బండిలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాని అలారం పనిచేస్తోందో లేదో ఈ పూటే బటన్ నొక్కి చూడండి.

మీ కాళ్ల చలికి ముఖ్య కారణం బండి కింద వీచే గాలే. చుట్టూ నేల దాకా ఫోమ్ బోర్డులు బిగించండి, ఫర్నేస్ పొగ బయటికొచ్చే చోటు మాత్రం వదిలేయండి. రూఫ్ వెంట్ కాస్త తెరిచే ఉంచాలి. లేదంటే వంట ఆవిరి, మన ఊపిరి తేమ పరుపు కింద చెమ్మగా చేరి బూజు పడుతుంది.

ఇక, చలికి మురుగు గొట్టం గడ్డకట్టకుండా, వాడిన నీళ్లు చేరే గ్రే ట్యాంక్ వాల్వ్ మూసి ఉంచండి. సన్నగా కారే నీళ్లు మురుగు గొట్టంలో పొరపొరలుగా గడ్డకట్టి దారి మూసేస్తాయి. ట్యాంక్ నిండాక ఒక్కసారే వదలండి.