తొండి

చెడుగుడు ఆడునప్పుడు కూత నడుమ దొంగతనముగా ఊపిరి పీల్చినవాడు వెంటనే పట్టుబడును. బరి చుట్టును నిలిచిన పిల్లలందరును సాక్షులే. అంతర్జాలములో పలువురు కలిసి ఆడు ఆటలకు అట్టి సాక్షులు లేరు. ఒకడు హైదరాబాదులో, మరియొకడు సింగపూరులో, ఎవరి గదిలో వారు కూర్చుండి ఆడుదురు.

ఆటను నడపు ప్రధాన యంత్రమునకు సర్వరు అని పేరు. అది ఆటలోని సమాచారమును ప్రతివాని కంప్యూటరునకును క్షణక్షణము పంపుచుండును. గోడ వెనుక దాగిన శత్రువు ఎచ్చట నున్నదియు పెక్కుసారులు అందులో చేరియే యుండును; తెరపై మాత్రము చూపబడదు. తొండి ప్రోగ్రాము దానిని మెమరీనుండి చదివి తన యజమానికి చూపును. పేకాటలో ఎదుటివాని ముక్కలను అద్దములో చూచుట వంటిదే యిది. తుపాకి గురిని తానే సరిచేయు ప్రోగ్రాములును కలవు.

2018 అక్టోబరులో షాంఘై నగరమున కౌంటర్ స్ట్రైక్ పోటీ జరిగెను. మన దేశపు జట్టులోని ఒక యువకుని కంప్యూటరులో గురి సరిచేయు ప్రోగ్రాము 'వర్డ్' అను సాధువైన పేరుతో దాగియుండెను. నిర్వాహకులు పరీక్షింప రాగానే అతడు దానిని మూసివేయజూచెను. జట్టు పోటీనుండి తొలగింపబడెను. యాజమాన్యము జట్టునే రద్దు చేసెను. తక్కిన నలుగురికిని ఆడుటకు జట్టు లేకపోయెను.

అచ్చట పరీక్షించుటకు మనుష్యులుండిరి. ఇంట ఆడువాని వెనుక ఎవరు నిలుతురు? అందుచే వాల్వ్ సంస్థ 2002లో 'వ్యాక్' అను కావలి ప్రోగ్రామును ప్రవేశపెట్టెను. అది పట్టినవానికి నిషేధమే శిక్ష. అయితే కావలివాడును పొరబడవచ్చును గదా! 2010 జూలైలో అట్లే జరిగెను. ఒక ఆటకు సవరణలు డిస్కులోనికి చేరుచున్న వేళ, మెమరీలో నడుచుచున్న భాగము డిస్కులోని దానితో సరిపోలలేదు. వ్యాక్ దానిని మోసమని తలచెను. రెండు వారములలో సుమారు 12,000 మంది నిర్దోషులు నిషేధింపబడిరి. సంస్థ తప్పొప్పుకొని, నిషేధము తొలగించి, వారికి మరియొక ఆటను ఉచితముగా నిచ్చెను.

పరీక్షగదులలో చిరకాలము కావలి తిరిగినవాడను. తప్పు చేయని బాలుని ఒకనాడు అందరి యెదుట లేపి నిలబెట్టితిని. అతని ముఖము నేటికిని నా కన్నుల గట్టినట్లున్నది. వానికి ఉచితముగా నిచ్చుటకు నాయొద్ద ఏమున్నది?

దొంగను పట్టుటకంటె దొర నొప్పింపకుండుట కష్టము. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థయే డోటా 2 అను ఆటలో దీనికొక ఉపాయము పన్నెను. ఆట ఆడునప్పుడు ఎన్నడును చదువవలసిన పనిలేని సమాచారమును ఆటగాండ్ర కంప్యూటర్లలోని ఆటభాగమున ఒక మూల నుంచెను. న్యాయముగా ఆడువాని యంత్రము దాని జోలికి పోదు. మెమరీలో దొంగచూపులు చూచు ప్రోగ్రాము మాత్రము దానిని చదువును. చదివినచో దొరకినట్లే. ఈ ఉచ్చున 40,000కు పైగా ఖాతాలు చిక్కెను. వృత్తిగా ఆడువారు తొండి చేసినను తమ పోటీలలో వారికి చోటుండదని సంస్థ నాడే ప్రకటించెను.