తొమ్మిదో పద్యం కొట్టేయి, నాయనా

జంగమకోటె

చిరంజీవి మనవడికి,

చింతామణి నుంచి నువ్వు పంపిన ఇరవై ఆటవెలదులూ అందాయి. బాగేపల్లి పెళ్లిలో కారు తాళాలు చేతికొచ్చేదాకా మగపెళ్లివాళ్లు తాళి కట్టనివ్వని సంగతి నేనూ కళ్లారా చూశాను. నీ కోపం న్యాయమైనదే. రెండు చోట్ల యతి తప్పింది, పక్కన గీత పెట్టాను, నువ్వే దిద్దుకో. నేను చెప్పదలిచింది అది కాదు. పదహారు పద్యాల్లో వరుడి తండ్రిని పేరు పెట్టి తిట్టావు. తొమ్మిదో పద్యంలో పెళ్లికూతురి రంగును ఎగతాళి చేశావు. ఈ రెండింటి కోసమే ఈ ఉత్తరం.

పద్దెనిమిదో శతాబ్దంలో పిఠాపురం దగ్గర కందరాడలో కూచిమంచి జగ్గకవి ఉండేవాడు. కుక్కుటేశ్వర శతకం చెప్పిన తిమ్మకవికి తమ్ముడు. చింతలపాటి నీలాద్రిరాజు అనే జమీందారు తన భోగకాంత చంద్రరేఖ మీద ఆయన చేత ‘చంద్రరేఖా విలాసం’ అనే కావ్యం చెప్పించుకుని, చివరికి కవిని అవమానించాడట. ఆ మంటలో జగ్గకవి విలాసాన్ని విలాపంగా మార్చి ‘చంద్రరేఖా విలాపం’ రాశాడని చెబుతారు. ప్రబంధానికి ఉండే లక్షణాలన్నీ తీసుకుని, ఒక్కొక్కదాన్నీ తిట్టుగా తిప్పేశాడు. ఆ పాండిత్యం మామూలుది కాదు. కానీ చదువుతుంటే నాకు చంద్రరేఖే గుర్తొస్తుంది. మాట తప్పింది రాజు. కావ్యమంతా బురద పడింది ఆమె మీద. ఆమె చేసిన తప్పేమిటి? నీ తొమ్మిదో పద్యం చదివినప్పుడు నాకు కలిగిన బాధ అదే. ఆ పిల్ల కారు అడగలేదు, నాయనా. తలవంచుకుని పందిట్లో కూర్చుంది.

అదే శతాబ్దంలో లండన్‌లో జాన్ గే అనే కవి ఇంకో దారి పట్టాడు. 1728లో ‘బెగ్గర్స్ ఆపెరా’ ఆడించాడు. అందులో ఉన్నవాళ్లంతా దొంగలు, దొంగసొత్తు కొనేవాళ్లు, జైలు కాపలావాళ్లు. పాటలు జనం వీధుల్లో పాడుకునే బాణీల్లోవే. ప్రధానమంత్రి వాల్పోల్ పేరు ఎక్కడా ఎత్తలేదు, అయినా ఎవరిని అంటున్నారో చూసేవాళ్లందరికీ తెలిసిపోయింది. మొదటి ఏడాదే 62 రాత్రులు ఆడింది. తరువాయి కథ ‘పాలీ’ని రంగస్థలం ఎక్కకుండా ఆపేశారు. గే దాన్ని 1729లో అచ్చు వేయించి అమ్మితే వెయ్యి పౌండ్ల పైచిలుకు వచ్చింది. 1737లో అక్కడ నాటకాలకు ముందస్తు అనుమతి చట్టం తెచ్చారు. మన దేశంలో 1876లో దొరలు తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టమూ అటువంటి భయంతోనే వచ్చింది. పేరు లేకుండా కొట్టిన దెబ్బకు అంత బలం ఉంటుంది.

మనకు ఆ పని చేసి చూపించినవాడు గురజాడ అప్పారావు. విజయనగరంలో 1892లో ‘కన్యాశుల్కం’ ఆడారు, 1897లో అచ్చయింది. ఆ పుస్తకం ముందుమాట ఒకసారి శ్రద్ధగా చదువు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే డబ్బిచ్చి పిల్లను కొనుక్కునే పెళ్లిళ్ల లెక్క తీయించాడు. 1,034 తేలాయి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఉయ్యాలలో పాప కూడా బేరంలో ఉంది. గురజాడ నవ్వు వెనక ఈ లెక్క ఉంది. నాటకంలోని ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు ఒక్కడి మీద కక్ష అయితే దానికి 1,034 ఇళ్ల సంగతి ఎందుకు?

అక్కడితో ఆయన ఆగలేదు. 1909లో రెండో కూర్పు తెచ్చాడు. ఐదు అంకాలు ఏడయ్యాయి, నాటకం దాదాపు కొత్తగా రాసినట్టే అయింది. అన్నిటికన్నా పెరిగింది మధురవాణి పాత్ర. మొదటి కూర్పులో ఆమెకు అంత చోటు లేదు. రెండోదానిలో అందరి గుట్టూ తెలిసినది, అందరికన్నా తెలివైనది, ఒక చిన్నపిల్లను ముసలి మొగుడి నుంచి తప్పించడానికి పూనుకున్నది ఆ వేశ్యే. జగ్గకవి చంద్రరేఖకు చేసిన అన్యాయాన్ని తెలుగు సాహిత్యం మధురవాణితో సరిదిద్దుకుందని నా నమ్మకం. పన్నెండేళ్లు పుస్తకాన్ని మనసులో ఉంచుకుంటేగాని ఆ మనిషి అంత ఎత్తుకు రాలేదు. నువ్వేమో ఆ బాగేపల్లి పెళ్లయిన నాలుగో రోజుకే పద్యాలు అచ్చు వేయిస్తానంటున్నావు!

‘పూర్ణమ్మ’ కథాగేయం కూడా చదువు. ముసలివాడికి అమ్ముడుపోయిన పూజారి కూతురి కథ. నాటకంలో నవ్వించిన దురాచారమే అక్కడ ఏడిపిస్తుంది. ఆ దుఃఖం లోపల ఉన్నవాడు కాబట్టే గురజాడ అంతలా నవ్వించగలిగాడు.

ఇక భాష. కర్ణాటకలోని మన తాలూకాల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నీ క్లాసులో కన్నడ నాటకకర్త కైలాసం నాటకాలు చెబుతుంటారు కదా, ఇంట్లో మాట్లాడే కన్నడంలో, ఇంగ్లీషు ముక్కలతో సహా రాశాడని మెచ్చుకుంటారు. తెలుగులో ‘కన్యాశుల్కం’లోని గిరీశం ఆయనకన్నా ముందే అలా మాట్లాడాడు. నువ్వు మాత్రం మన తెలుగు పనికిరాదనుకుని ‘ధనము’, ‘యాచించె’ అని రాశావు. ఆ రోజు పిల్ల తండ్రి చేతులు జోడించి అన్న మాట నీకు గుర్తుందా? “అంత దుడ్లు యాడ తెచ్చేది సామీ” అన్నాడు. నీ ఇరవై పద్యాల్లోనూ ఆ ఒక్క మాట లేదు. ఆటవెలదిలో ఇమడదంటావేమో, ఇంటి మాటను వేమన ఇమిడ్చాడు. కైవారం తాతయ్య కన్నడ గడ్డ మీదే ఉండి తెలుగులో తత్వాలు పాడాడు, ఇప్పటికీ పాడుకుంటున్నాం. మన మాటకు సిగ్గుపడకు.

తొమ్మిదో పద్యం కొట్టేయి. పేర్లు తీసేయి. మన హోబళిలో ఈ ఏడాది జరిగిన పెళ్లిళ్లలో ఎక్కడ ఏమడిగారో, ఎవరి పొలం తాకట్టుకు పోయిందో, పట్టుగూళ్లమ్మిన సొమ్ము ఎవరింట్లో కట్నం కింద పోయిందో కనుక్కుని నోటుబుక్కులో రాసుకో. అమ్మాయిల తల్లులను అడుగు, వాళ్లు చెబుతారు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురా, ఇద్దరం కూర్చుని మొదటి పద్యం నుంచి మళ్లీ మొదలుపెడదాం.

ఇట్లు,
మీ తాత