ఎనుబది రూపాయల మూలధనము

1959 మార్చి 15వ తేదీన, నాటి బొంబాయి నగరమున ఏడుగురు గృహిణులు ఒక మేడపై కూర్చుండి అప్పడములు చేసిరి. ‘లిజ్జత్’ సంస్థకు అదియే నాంది. వారి మూలధనము 80 రూపాయల అప్పు. తొలినాటి సరకు నాలుగు పొట్లములు. తమకు తెలిసిన వంటపనితోనే గౌరవముగా సంపాదించుకొనవలెనని వారి ఆశయము.

కష్టము వెంటనే వచ్చెను. మొదటి వర్షాకాలమున ఎండ లేక పని నిలిచిపోయెను. అయినను వారు విరాళములకై చేయి చాపలేదు. మరుసటి యేడు మంచముపై అప్పడములు పరచి, క్రింద పొయ్యి యుంచి ఆరబెట్టిరి. చౌకరకమును మాని మేలురకమునే చేయవలెననియు, లెక్కలు తప్పక వ్రాయవలెననియు ఛగన్‌లాల్ పారేఖ్ చెప్పిన హితవును పాటించిరి.

నేడు వేలకొలది స్త్రీలు ఆ సంస్థలో భాగస్వాములు. సదాశయము పనిని ప్రారంభించును. నాణ్యతయు, లెక్కయు దానిని నిలుపును.