ఏం కావాలో అడగగలగాలి

లక్ష్యం పెట్టుకో, వదలకుండా వెంటపడు అని కుర్రవాళ్లకు అందరూ చెబుతారు. దేని వెంట పడాలో తేల్చుకోవడంలోనే సగం పని ఉందని మాత్రం చెప్పరు.

వేటపాలెం సారస్వత నికేతనం సంగతే చూడండి. వి.వి. శ్రేష్ఠి 1918లో నెలకొల్పిన గ్రంథాలయమది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎంతో దూరం నుంచి ఇప్పటికీ ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు. అలాంటి చోటికి ఒక విద్యార్థి వెళ్లి, "స్వాతంత్ర్యోద్యమం మీద ఏమున్నాయండీ?" అని అడిగాడనుకుందాం. బీరువాలకు బీరువాలే చూపించాలి. నాలుగు రోజులు తిరగేసి, విసిగి, తనకు ఓపిక లేదనుకుని వెళ్లిపోతాడు. ఓపిక ఉంది. ప్రశ్నే లేదు.

అతనే పక్కనున్న చీరాల వైపు చూస్తే? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని ఇళ్లకు తాళాలేసి, ఊరి వెలుపల రామనగరంలో పాకలు వేసుకున్నారు. సుమారు 11 నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. నేతగాళ్ల ఊళ్లవి. మరి ఆ పాకల్లో మగ్గాలు ఎక్కడ పెట్టుకున్నారు? నేత ఆగిపోతే ఇల్లెలా గడిచింది? ఈ ప్రశ్న చేతికి అందుతుంది. ఏ ఏడాది ఆంధ్రపత్రిక, ఏ ఏడాది కృష్ణాపత్రిక చూడాలో అదే చెబుతుంది. అందులో దొరక్కపోతే, తర్వాత ఏ నేత కుటుంబం గడప తొక్కాలో కూడా అదే చెబుతుంది.

చదువులోనే కాదు. "ఇంగ్లీషు నేర్చుకోవాలి" అనుకున్నవాళ్లు ఏళ్లు గడిచినా అక్కడే ఉంటారు. "బ్యాంకు మేనేజరుతో లోను గురించి తడబడకుండా మాట్లాడాలి" అనుకున్న అమ్మాయికి రేపు పొద్దున ఏ మాటలు నేర్చుకోవాలో తెలుసు.

ప్రశ్న చేతిలో ఉన్నా, పాత పత్రికలో ప్రకటనలు, సినిమా కబుర్లు పక్కకు లాగుతాయి. వెళ్లండి, అదీ ఆనందమే. ఎక్కడ ఆపారో ఆ తేదీ రాసుకుని మరీ వెళ్లండి. కొన్నాళ్లకు ప్రశ్నే మారిపోవచ్చు. మగ్గాల కోసం బయల్దేరినవాడు పన్ను లెక్కల దగ్గర తేలవచ్చు. మారనివ్వండి, మారిన ప్రశ్నను మొదటిదాని కిందే రాసుకోండి.